ఆగని రైలుకో రొట్టె

మా ఊరికి నెల్లూరు దక్షిణాన ఉంది. అందుకని మేము ఉత్తరానికి బయలుదేరాము.

ఇందులో తమాషా ఏమీ లేదు. మా ఊరి హాల్టులో రైలు ఆగడం మానేసింది. ఉన్న రెండు లైన్ల పక్కన మూడోది వేస్తున్నారు. దానికి కరెంటు స్తంభాలు నాటుతున్నారు. పనులయ్యేదాకా ఇక్కడ బండి ఆగదని చెప్పి పోయారు. అంతకుముందు మా హాల్టుకు ఉన్న ఆస్తి ఒక రేకుల షెడ్డు, ఒక సిమెంటు బెంచీ, ఊరి పేరు రాసిన పసుపు బోర్డు. స్తంభం సరిగ్గా షెడ్డు ఉన్నచోటే రావాలట. షెడ్డు పోయింది. షెడ్డు తీస్తుంటే బెంచీ విరిగింది. బోర్డును పీకి తుమ్మచెట్టుకు ఆనించారు. లైను పొడుగునా స్టేషన్లన్నీ బాగుపడుతున్నాయి, మీదీ అందులో భాగమే అన్నారు. మేము సంతోషించాము.

నా పేరు దీనమ్మ. ఎండుచేపలు, ఎండురొయ్యలు అమ్ముతాను. మా ఆయన పోయాక ఈ గంపే నన్ను పోషిస్తోంది. ఆయన ఉన్నప్పుడూ అదే పోషించింది, కాకపోతే అప్పుడు ఇద్దరిని. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా పాస్టరమ్మ గారు రాస్తున్నారు. మధ్య మధ్య నా మాటలు బాగుచేస్తున్నారు. స్టేషన్లనే బాగుచేస్తున్నప్పుడు నా మాటలెంత అని ఊరుకున్నాను.

ఎండుచేపల గంపను బస్సు కండక్టరు ఎక్కనివ్వడు. ఆటోవాడు ముక్కు మూసుకుని తల అడ్డంగా ఊపుతాడు. మాట్లాడితే వాసన నోట్లోకి పోతుందని వాడి భయం. రైలు ఒక్కటే ఏమీ అనదు. పైగా రైల్లో గంప దించితే చుట్టూ సీట్లు వాటంతట అవే ఖాళీ అవుతాయి. అలాంటి రైలు ఆగకపోయేసరికి నా గంప ఇంట్లో కూర్చుంది. నెల్లూరులో నా దగ్గర కొనేవాళ్ళు వేరే మనిషిని చూసుకుంటున్నారని కబురు వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే గంప బోర్లించి కోడిపెట్టను మూయడమే.

పక్కింటి కాసింబీ ఏటా నెల్లూరు దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు పోతుంది. ఈ ఏడు గోడ మీద నుంచి నన్ను పిలిచింది.

"నువ్వూ రా మే. రైలు ఆగాలని మొక్కుకుందువు."

"నేను చర్చికి పోయేదాన్ని గదక్కా."

"నువ్వు యాడికి పోతావని చెరువు అడుగుద్దా? కాళ్ళు తడిస్తే చాలు."

కాసింబీ రొట్టెలు చేస్తుంటే చూసి నేనూ చేశాను. మా చర్చిలో కోత పండుగకు వట్టి చేతులతో పోము. ముందు కానుక, తర్వాత ప్రార్థన. దర్గా కూడా దేవుడి చోటే కదా అనుకున్నాను. దారిలో తినడానికి కొంచెం రొయ్యల పొడి కూడా అదే గుడ్డలో కట్టాను. కాసింబీ నా మూట చూసి రొట్టెలు కూడా దారిలో తినడానికే అనుకుంది. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. తర్వాత జరిగిందంతా ఆ మూట వల్లే.

కావలి

ఆటోలో ఉత్తరానికి కావలి పోయి, అక్కడ నెల్లూరు బండి ఎక్కాలి. గంప లేదు కాబట్టి ఆటోవాడు నన్ను చూసి నవ్వాడు కూడా. ఇన్నేళ్ళలో వాడికి పళ్ళున్నాయని ఆరోజే తెలిసింది.

కావలి స్టేషన్లో పనులు జోరుగా ఉన్నాయి. ముందువైపు పచ్చ గుడ్డలు కట్టారు. లోపల ఏదో పెళ్ళి జరుగుతున్నట్టు ఉంది, తొంగిచూస్తే సిమెంటు. టీ తాగాము. పది రూపాయలు. కప్పు దగ్గుమందు సీసా మూతకు అన్నలాగా ఉంది. బయట ఒకామె పులిసిన పిండితో నూనెలో పులిబొంగరాలు వేస్తుంటే పొట్లం కట్టించుకున్నాము. బాగున్నాయి, కానీ వాటికి వేరుశెనగ చట్నీ ఇచ్చింది. మా ఇంట్లో ఎర్రకారం పెడతాము. చట్నీ పెట్టేవాళ్ళను నేను తప్పు పట్టను. ఎవరి ఊరు వాళ్ళది.

కొత్త మెట్లు కనబడితే అవతలి ప్లాటుఫారానికి పోతాయని ఎక్కాను. కింద అడ్డంగా తాడు కట్టి ఉంది, బట్టలారేసుకునే తాడనుకుని వంగి దూరాను. పైకి పోయాక మెట్లున్నాయి, వంతెన లేదు. ఇసుక మోస్తున్న ఆడమనిషి తట్ట దించి నన్ను చూసింది.

"యాడికమ్మా?"

"అవతలికి."

"వచ్చే ఏడు రా."

దిగి, మామూలు దారిన పోయాను.

కిటికీలోంచి మా ఊరు

బండి కదిలాక ఎదుటి సీటులో పెద్దాయన ఏ ఊరమ్మా మీది అని అడిగాడు. ఉండండి, చూపిస్తాను అన్నాను. మేము పొద్దున ఆటోలో పోయిన దూరమంతా రైలు వెనక్కి తెచ్చింది. మా ఊరు వచ్చింది. బండి తగ్గను కూడా తగ్గలేదు.

పొలం గట్టు మీద నా మేక కనబడింది. కట్టు తెంపుకుని కాసింబీ వాళ్ళ దడి మేస్తోంది. కాసింబీ కూడా చూసింది, ఏమీ అనలేదు. పండుగకు పోతూ నోరు పారేసుకోకూడదని. హాల్టు దగ్గర మూడో లైను మీద నిచ్చెనల బండి ఒకటి నిలబడి ఉంది. దాని పైన అరుగులాంటిది ఉంటే మనుషులు దాని మీద నిలబడి స్తంభాలకు తీగ కడుతున్నారు. టవర్ వ్యాగను అంటారట. వాళ్ళ అన్నం క్యారేజీలు మా ఊరి పేరు బోర్డుకు తగిలించి ఉన్నాయి. బోర్డు ఊరికే ఉండటం కంటే నయం.

"అదే మా ఊరు," అన్నాను పెద్దాయనతో.

"మరి దిగరా?"

"పొద్దున్నే దాన్నించే వస్తున్నాము."

ఆయన లేచి అవతలి సీటులోకి పోయాడు.

నెల్లూరు చెరువు

నెల్లూరు స్టేషన్లోనూ గోతులు, రేకులు, దుమ్ము. నడిచే మెట్లు ఉన్నాయని కాసింబీ నన్ను లాక్కుపోయింది. కాలు పెట్టమంది. మెట్టు నన్ను అడగకుండా కదులుతుంటే దాని మీద నాకేం నమ్మకం? నేను మామూలు మెట్లు ఎక్కాను. పైకి పోయేసరికి కాసింబీ అక్కడ నిలబడి, మహారాణిలాగా నా కోసం ఎదురుచూస్తోంది.

రొట్టెల పండుగ చూడనివాళ్ళకు చెబుతాను. దర్గా పక్కన పెద్ద చెరువుంది. జనం మెట్లు దిగి నీళ్ళలో నిలబడతారు. తలకు గుడ్డ కప్పుకుంటారు. రొట్టెలు చేతులు మారతాయి. ఆరోగ్యం రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, సొంతింటి రొట్టె అని అరుస్తుంటారు, బోర్డులు కూడా పెట్టారు. తురకలు, హిందువులు, మావాళ్ళు, అందరి కాళ్ళూ ఒకే నీళ్ళలో ఉంటాయి. నిరుడు కాసింబీ మోకాళ్ళ నొప్పికి ఆరోగ్యం రొట్టె తిన్నది. నొప్పి తగ్గింది. ఇప్పుడు తను చేసుకొచ్చిన రొట్టె ఇంకో మోకాళ్ళ మనిషికి ఇవ్వాలి. నన్ను ఒకచోట నిలబెట్టి, కదలబాకు అని చెప్పి, ఆమె నొప్పులవాళ్ళను వెతుక్కుంటూ పోయింది.

బోర్డులన్నీ ఒకతనితో చదివించుకున్నాను. రైలుకు బోర్డు లేదు. ప్రయాణం కదా, విదేశం బోర్డు దగ్గర నిలబడమన్నాడు. నిలబడ్డాను. అక్కడున్న పిలకాయలు నన్ను ఎగాదిగా చూశారు.

"ఏ దేశం పెద్దమ్మా?"

"నెల్లూరు."

వాళ్ళు జరిగి నాకు చోటిచ్చారు. కానీ అక్కడ రైలు సంగతి ఎవరికీ పట్టలేదు. ఇది పని కాదని పక్కకు వచ్చి, మూట విప్పి, రొట్టె చేత్తో పైకెత్తి నేనే అరిచాను. "రైలు రొట్టె! రైలు రొట్టె!" చేపలు అమ్మిన గొంతు. చెరువు అవతలి గట్టు దాకా పోయింది.

నీళ్ళు చిమ్ముకుంటూ ఒకామె పరుగున వచ్చింది. నా ఈడుదే. కొంగు నిండా మల్లెపూల వాసన.

"రైలు ఆగేదానికేనా అక్కా?"

"ఆగేదానికే."

రొట్టె అందుకుంది. కళ్ళకద్దుకుంది. చెరువు నీళ్ళు నెత్తిన చల్లుకుని, రొట్టె విరిచి నోట్లో పెట్టుకుని ఏడ్చింది. పేరు రమణమ్మ అట. గూడూరు అవతల ఊరు. వాళ్ళ హాల్టులోనూ పనులని బండి ఆపడం లేదు. మల్లెపూలు గూడూరులో అమ్ముతుంది. రైలు లేకపోతే నడిచి, ఆటోలు మారి పోయేసరికి పూలు వాడిపోతున్నాయి. నాది ఎండితేనే సరుకు, ఆమెది ఎండితే చెత్త. నా కంటే ఆమె కష్టమే పెద్దదనిపించింది. ఇంకో రొట్టె కూడా ఇద్దామనుకున్నాను.

అంతలో ఆమె నములుతూ అడిగింది. "మీకు ఎన్నాళ్ళకి ఆగిందక్కా?"

"యాడ ఆగింది? ఆగాలనే గదా నేనూ వచ్చింది."

నమలడం ఆగింది.

"మరి రొట్టె ఇచ్చినావే?"

"కానుక."

"ఎవురికి కానుక?"

"ఎవురు తీసుకుంటే వాళ్ళకి."

సరిగ్గా అప్పుడే కాసింబీ వచ్చింది. నా చేతిలో రొట్టెలు, ఆమె చేతిలో సగం రొట్టె చూసింది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఏం పని చేసినావు మే! కోరిక తీరినోళ్ళు ఇయ్యాల. తీరాల్సినోళ్ళు తీసుకోవాల. నువ్వు తీసుకోకముందే ఇచ్చినావా?"

"మా చర్చిలో ముందే ఇస్తాము."

"ఇది చర్చా?"

"దేవుడి చోటని నువ్వే గదా తీసుకొచ్చినావు."

రమణమ్మ మా ఇద్దరి మధ్య నిలబడింది. "మీ చర్చి, మీ దర్గా నాకు తెల్దు. నేను సగం మింగినా. ఇప్పుడు నా రైలు ఏం గావాల? ఆగని రైలు రొట్టె తింటే ఆగే రైలు కూడా ఆగదేమో?"

"మీది ఎట్టా ఆగడంలేదు గదా," అన్నాను. ఓదార్పుగానే అన్నాను. ఆమె అలా తీసుకోలేదు.

"రొట్టెలో ఈ వాసనేంది?"

"ఎండురొయ్యలు."

"నేను శనివారాలు నీసు తినను!"

ఆరోజు ఏ వారమో మేము ముగ్గురం కాసేపు ఆలోచించాము. శనివారం కాదు. అదొక్కటి కలిసొచ్చింది.

కాసింబీ మమ్మల్ని గట్టు మీదికి లాక్కుపోయింది. అక్కడ నెమలీకల కట్టతో వచ్చినవాళ్ళ తల నిమురుతున్న ముసలి సాయిబు ఉన్నాడు. ఆయనకు అంతా చెప్పింది. చెప్పేటప్పుడు నన్ను "ఈ తెలివైన మనిషి" అంది. ఆయన విని, నెమలీకలతో తన వీపు గోక్కున్నాడు.

"నీళ్ళలో నిలబడే ఇచ్చినావా?"

"నీళ్ళలోనే అయ్యా."

"మనసులో మోసం ఉండిందా?"

"రొయ్యల పొడి తప్ప ఏం లేదు."

"అయితే ఇచ్చింది ఇచ్చినట్టే. ఇంక ఆగేది రైలు పని." మా ముగ్గురి తలలూ నిమిరి, తర్వాతి వాళ్ళను రమ్మన్నాడు.

రమణమ్మ మిగిలిన సగం రొట్టె కొంగున ముడి వేసుకుంది. "నీకు ఆగిందని తెలిసినాకే ఇది తింటా. నీకు ఆగకపోతే తెచ్చి నీ మొహాన కొడతా." ఫోను నంబరు ఇచ్చింది. నేను పేర్లు చదవలేను కాబట్టి కాసింబీ నా ఫోనులో ఆమె నంబరు పక్కన పువ్వు బొమ్మ పెట్టింది. దాని పక్కన రొయ్య బొమ్మ కూడా పెడతానంది. నేను వద్దన్నాను.

అక్కడే రేకుల షెడ్డులో పడుకున్నాము. అన్నం ఎవరో పుణ్యాత్ములు పెట్టారు. నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆరోజు పొద్దుటిదాకా నా ఒక్కదాని గంప గురించే దిగులు. ఇప్పుడు దాని మీద ఇంకొకరి పూలబుట్ట వచ్చి కూర్చుంది.

విచారణ కిటికీ

మర్నాడు కారం దోసె తిన్నాము. నెల్లూరు కారం దోసె గురించి చాలామంది గొప్పలు చెబుతారు. నిజమే చెబుతారు. తిని, రమణమ్మను కలుపుకుని ముగ్గురం స్టేషనుకు పోయి విచారణ కిటికీ దగ్గర నిలబడ్డాము. లోపల మర్యాద గల పిల్లవాడు ఉన్నాడు.

"మా హాల్టులో బండి ఎప్పుడు ఆగుద్ది నాయనా?"

"పనులు అయినాక పైవాళ్ళు చూస్తారమ్మా."

"పనులు ఎప్పుడవుతాయి?"

"అది కూడా పైవాళ్ళే చెప్పాలమ్మా."

"పైవాళ్ళు యాడుంటారు?"

అతను పాపం నిజంగానే ఆలోచించాడు. "పైన," అన్నాడు.

నేను తలెత్తి చూశాను. కొత్త కప్పు మీద ఒకడు ఇనుము అతికిస్తున్నాడు, నిప్పులు రాలుతున్నాయి. పనిలో ఉన్నాడని పలకరించలేదు.

రమణమ్మ దక్షిణం బండి ఎక్కింది. ఎక్కేటప్పుడు కొంగు ముడి తడిమి చూసుకుని, నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

మా హాల్టు

తిరుగు ప్రయాణంలో కావలి దాకా పోయి, ఆటోలో మళ్ళీ వెనక్కి రావాలి. కాసింబీ కునుకు తీస్తోంది. కొడవలూరు దాటింది. ఇంకాస్త పోయాక బండి నిదానించింది. ఇంకా నిదానించింది. నేను కిటికీ ఊచలు పట్టుకున్నాను. తుమ్మచెట్టు వచ్చింది. మా బోర్డు వచ్చింది. దానికి క్యారేజీలు ఉన్నాయి. బండి ఆగింది.

"అక్కా. లెయ్యి. ఆగింది."

"ఏంది ఆగింది?"

"రైలు!"

ఎందుకు ఆగిందో పక్కన ఎవరో చెప్పారు. మూడో లైను మీద తీగ లాగుతున్నారు, అందుకని ముందు కాస్త దూరం కరెంటు తీసేశారు, ఎర్రలైటు వేశారు. కరెంటు లేకపోతే రైలు కూడా మా ఇంట్లో ఫ్యాను లాంటిదే. నాకు కారణంతో పనిలేదు. మూట తీసుకుని తలుపు దగ్గరికి పోయాను. కిందికి చూస్తే ప్లాటుఫారం తవ్వేశారు. నేల ఎక్కడో ఉంది. దూకితే కాసింబీ మోకాళ్ళు, నా నడుము అక్కడే ఉంటాయి.

టవర్ వ్యాగను పక్కన నిలబడి బీడీ ముట్టించుకుంటున్న మనిషి మమ్మల్ని చూశాడు. నెత్తిన పసుపు టోపీ.

"ఏటి పెద్దమ్మా, ఇక్కడ దిగిపోతారేటి?"

"మా ఊరు ఇదే నాయనా!"

"ఇక్కడ ఆగదు కదా బండి."

"ఆగింది గదా!"

అతను బండి వైపు చూశాడు. ఆగే ఉంది. వెనక్కి తిరిగి కేకేస్తే ఇద్దరు నిచ్చెన మోసుకొచ్చి తలుపుకు ఆనించారు. స్తంభాలెక్కే నిచ్చెన. కాసింబీ ముందు దిగింది. మెట్టు మెట్టుకూ బిస్మిల్లా అంటూ, ఎక్కడా ఆగకుండా దిగింది. ఆరోగ్యం రొట్టె పనిచేసిందని బండి మొత్తం కిటికీల్లోంచి చూసింది. వెనక నేను దిగాను. నా వెనక ఇంకెవరో ఇద్దరు కూడా దిగారు. వాళ్ళది మా ఊరు కాదు. ఆగింది కదా అని దిగారట. గార్డు దూరం నుంచి ఈల వేశాడు, ఎవరి కోసమో మేము పట్టించుకోలేదు.

ఆ టోపీ మనిషి పేరు సింహాచలం. విజయనగరం వైపువాడు.

"రేపు కూడా ఆపుతారా?" అన్నాను.

"మేం ఆపట్లేదు పెద్దమ్మా. పని ఆపుతోంది. రేపు పొద్దున్న నెల్లూరు బండి కూడా ఇక్కడే నిలబడాలి. ఇక్కడ పని ఉన్నన్నాళ్ళూ ఇంతే."

మర్నాడు గంపతో స్తంభం కింద కూర్చున్నాను. బండి వచ్చింది, నిలబడింది. గంప నిచ్చెన మీదుగా ఎక్కింది, వెనక నేను. లోపల సీట్లు ఖాళీ అయ్యాయి. నెల్లూరులో నా దగ్గర ఎప్పుడూ కొనే ఆమె, కొత్త మనిషి దగ్గర బేరమాడుతున్నది కాస్తా నన్ను చూసి, చేప కింద పెట్టేసింది. "ఇన్నాళ్ళు యాడ చచ్చినావు?" అంది. ఆ మాట వినడానికి నేను ఎంత దూరమైనా పోతాను.

అప్పటి నుంచి సింహాచలం వాళ్ళకు రోజూ మధ్యాహ్నం ఎండుచేపల పులుసు పంపుతున్నాను. కడుపు నిండా తిన్నవాడు పని నిదానంగా చేస్తాడని నా సంసారంలో తెలుసుకున్నాను. వీళ్ళు అలా కాదు. తిని ఇంకా వేగంగా చేస్తున్నారు.

నిన్న సింహాచలం గిన్నె తిరిగి ఇస్తూ చెప్పాడు. "ఇక్కడ అయిపోవచ్చింది పెద్దమ్మా. దసరాకి ముందే కదిలిపోతాం."

"తర్వాత ఇక్కడ బండి ఆగుద్దా?"

"అది పైవాళ్ళు చూడాలి."

మళ్ళీ వాళ్ళే. "మీరు యాడికి పోతారు?"

"కిందకే. దక్షిణం. గూడూరు అవతల ఓ హాల్టు ఉందంట, అక్కడ తీగ లాగాలి." ఊరి పేరు చెప్పాడు. రమణమ్మ చెప్పిన పేరే.

"నిచ్చెన?"

"నిచ్చెన లేకండా మేమేటి చేస్తాం?"

గిన్నె కడగకుండానే పక్కన పెట్టి, ఫోను తీసి పువ్వు బొమ్మ నొక్కాను. రమణమ్మ ఎత్తగానే తిట్టబోయింది. ముందు వినమన్నాను. మాకు ఆగింది, ఇంకొన్నాళ్ళు ఆగుతుంది, తర్వాత సంగతి తెలియదు, అంతా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిచ్చెన సంగతి కూడా చెప్పాను.

"ఆ సగం రొట్టె ఉంచినావా?" అన్నాను.

"ఉండాది. రాయి అయింది."

"నానబెట్టుకొని తిను. పూలు గుచ్చిపెట్టుకో. వచ్చే ఏడు నువ్వు రొట్టె చేసుకొని చెరువుకాడికి రా రమణమ్మా. ఈ తూరి నేను వట్టి చేతులతో వస్తా."